రెండు ‘ఆ’ల మధ్య

మాది పర్లాకిమిడి, ఆంధ్రా సరిహద్దుని ఆనుకుని ఒడిశాలో ఉంది. బజారులో చిన్న బట్టల కొట్టు. సంతరోజు కొండల మీంచి సవర గిరిజనులు దిగుతారు. చింతపండు, కొండచీపుర్లు అమ్ముకుని, ఆ డబ్బులతో మా దగ్గర చీరో తువ్వాలో పట్టుకెళ్తారు. గల్లాపెట్టె దగ్గర ఇరవై రెండేళ్ళ నుంచి కూర్చుంటున్నాను, వాళ్ళ భాషలో నాకు ఒక్క ముక్క రాదు. బేరం మొత్తం తెలుగులోనో ఒడియాలోనో అయిపోతుంది. వాళ్ళకి మన భాష వచ్చు కదా, ఇంక మనకెందుకు అన్న ధీమా.

ఈ ధీమా లేని మనిషి ఒకాయన ఇదే ఊళ్ళో ఉండేవాడు. గిడుగు రామ్మూర్తి పంతులు గారు. పుట్టింది 1863 ఆగస్టు 29న, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. తండ్రి చిన్నప్పుడే పోయారు. విజయనగరంలో మేనమామ ఇంట్లో ఉండి మెట్రిక్ దాకా చదివి, 1880లో మా రాజావారి స్కూల్లో టీచరుగా చేరారు. జీతం ముప్పై రూపాయలు. అప్పటికి ఆయనకి పదిహేడేళ్ళు. మా వాడికి ఇప్పుడు అదే వయసు, బైకు కొనమని గొడవ.

పంతులు గారనగానే అందరికీ వాడుక భాష ఉద్యమం గుర్తొస్తుంది. ఆగస్టు 29న దండలు వేసి, ఆయన ఏ భాష వద్దన్నాడో సరిగ్గా ఆ భాషలోనే ఉపన్యాసాలు ఇస్తారు. నాకు ఆయన మీద గురి కుదిరింది మాత్రం సవర భాష దగ్గర. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని సాయం పెట్టుకుని, ఒక సవరని ఇంట్లోనే ఉంచుకుని నేర్చుకున్నారు. ఆ రోజుల్లో ఆ పని చెయ్యడానికి ఎంత తెగువ కావాలో మా వీధుల్లో పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. సవరలో పాఠాలు, కథలు రాశారు. సొంత డబ్బుతో వాళ్ళ పిల్లలకి బళ్ళు పెట్టించి, పంతుళ్ళకి జీతాలిచ్చారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇస్తానంటే, ఆ డబ్బుతో మీరే బడి నడపండి అన్నారట. కొండల్లో తిరిగి తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి మింగిన క్వినైను చెవులు తినేసింది. ఒక భాషని చెవితో పట్టి కాగితం మీద పెట్టేవాడికి చెవుడు రావడం! ఇక్కడికొచ్చేసరికి నాకు ఎప్పుడూ కాసేపు ఏం తోచదు.

అయినా మానలేదు. సవర వ్యాకరణం 1931లో, కోశం 1938లో అచ్చయ్యాయి. ముప్పై అయిదేళ్ళ పని. తెలుగు గొడవలోకి ఆయన దిగింది 1907లో, స్కూళ్ళ ఇన్‌స్పెక్టర్ యేట్స్ వచ్చాక. అప్పటికే ఏళ్ళ తరబడి సవర వాళ్ళ మాట విని, విన్నది విన్నట్టు రాసుకున్న మనిషాయన. అలాంటివాడు తెలుగు దగ్గరికొచ్చి, మాట్లాడేది ఒకటీ రాసేది ఒకటీ ఏమిటని అడగకుండా ఎలా ఉంటాడు? ఇది నా ఊహే, పండితులు ఒప్పుకోకపోవచ్చు.

నా గోల కూడా ఒకటి ఉంది. నేను చదివింది ఒడియా మీడియం. తెలుగు అక్షరాలు మా అమ్మ వంటింటి గచ్చు మీద సుద్దముక్కతో నేర్పింది. పంతొమ్మిదో ఏట ఒక కథ రాసి వారపత్రికకి పంపాను. అందులో మా నాయనమ్మ “ఏటి, అప్పుడే వచ్చీసినావా” అంటుంది. కథ తిరిగొచ్చింది, “భాష సరిచూసుకోగలరు” అని చీటీతో. అదే పత్రిక ఏటా పంతులు గారి మీద వ్యాసం వేసేది. నేను మళ్ళీ కథ రాయలేదు. ఆయనే అయితే ఆ చీటీకి నలభై పేజీల జవాబు రాసి ఉండేవారు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. మా ఊరు అటు వెళ్ళింది. ప్రారంభోత్సవం నాటి ఉదయమే పంతులు గారు ఇల్లు వదిలేసి రైలెక్కి రాజమండ్రి వెళ్ళిపోయారు. అప్పటికి ఆయనకి డెబ్భై రెండేళ్ళు. 1940 జనవరి 22న పోయారు. మావాళ్ళు ఎక్కడికీ వెళ్ళలేదు, కొట్టు ఇక్కడుంది మరి. ఇంకో సంగతి, అదే 1936లో మంగేయి గొమాంగో అనే ఆయన సవర భాషకి సొంత లిపి తయారు చేశాడు, సొర సొంపెంగ్ అంటారు.

మొన్న సంతకి ఒక ముసలామె చీరలు తీయించి, గుక్క తిప్పుకోడానికి కూర్చుంది. చెంబుతో నీళ్ళిచ్చి, దీన్ని మీ భాషలో ఏమంటారు అని అడిగాను. చెప్పింది. నా చెవికి “డాఆ” అని వినిపించింది. కానీ అది డాఆ కాదు. రెండు ‘ఆ’ల మధ్య గొంతు ఠక్కున మూసుకుని మళ్ళీ తెరుచుకుంటోంది, తలుపు గడియ పడి ఊడినట్టు. బిల్లు పుస్తకం వెనకాల రాద్దామని చూశాను. ‘డా’ రాశాను, పక్కన ‘ఆ’ రాశాను, మధ్యలో ఏం పెట్టాలో తెలీలేదు. మన అచ్చుల్లో హల్లుల్లో దానికి గుర్తు లేదు. పంతులు గారు సవర రాయడానికి అంతర్జాతీయ ధ్వని లిపి, అంటే ఏ భాష శబ్దానికైనా గుర్తులుండే లిపి, ఎందుకు పట్టుకున్నారో అప్పుడర్థమైంది.

నేను మళ్ళీ అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపి ఇంకోసారి పలికింది. నేను దగ్గినట్టు పలికాను. ఆమె పక్కనున్న పిల్ల కిసుక్కుమంది. నాలుగోసారికి ముసలామె చెంబు కింద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుని, “పోన్లే బాబూ, నువ్వు నీళ్ళనే అను” అంది. తర్వాత చీర ధర యాభై తగ్గించమంది. తగ్గించాను.