లక్ష్మివారం నైవేద్యమూ నా పథ్యమూ

మార్గశిర మాసం మా పర్లాకిమిడిలో రెండుసార్లు మొదలవుతుంది. ఒడియా వారికి నెల పౌర్ణమితో ముగుస్తుంది కనుక కార్తిక పున్నమి మరునాటి నుంచే వారికి మార్గశిరం. మనకు అమావాస్య దాటాలి కనుక మరో పక్షం ఆగి వస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా పట్టణం ఇటు చేరి, ఆనుకుని ఉన్న పాతపట్నం అటు ఉండిపోయింది గాని, రెండు పంచాంగాలూ మా వీధిలో ఈనాటికీ పక్కపక్క ఇళ్లలోనే నడుస్తున్నాయి. పొరుగింట మాణబస గురువారాల (ఒడియా వారి మార్గశిర లక్ష్మీపూజ) మొండా పిఠాలు, కాకరా పిఠాలు మొదలైన నాటి నుంచి మా ఇంట లక్ష్మీపూజ చేసే చివరి లక్ష్మివారం, అంటే గురువారం, పూర్ణం బూరెలు అయ్యేదాకా, ఆ వెంటనే సంక్రాంతి అరిసెలు దిగేదాకా, తీపి లేని వారమంటూ ఉండదు. చక్కెర వ్యాధి ఉన్న మనిషి ఈ కాలాన్ని ఎలా గడపాలో అడిగితే నాకు దొరికిన సలహాలలో ఎక్కువ భాగం "బూరెలు తినకండి" అన్న ఒక్క మాట దగ్గరే ఆగిపోయాయి. నా ప్రాణం మీదికి తెచ్చినవి బూరెలు కావని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నాకు షుగరు ఉందని తెలిసి చాలా కాలమైంది. మొదట మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేదాన్ని. అది చాలడం లేదని తరువాత ఉదయం టిఫినుతో వేసుకోవడానికి గ్లిమెపిరైడ్ చేర్చారు. ఆహారం విషయంలో నియమంగానే ఉండేదాన్ని. కంచంలో సగం కూరలు, పావు వంతు పప్పో చేపో, మిగిలిన పావు వంతే అన్నం. రాత్రికి రెండు పుల్కాలు లేదా చోడి (రాగి) జావ. మూడు నెలల సగటును చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 7.4 వచ్చింది. నా వయసుకు అది ఫరవాలేదన్నారు. ఇదంతా మామూలు రోజుల సంగతి.

మార్గశిరం రాబోతోందనగా నేను వైద్యుడి దగ్గరకు వెళ్లి, పండగ నెలలో భోజన వేళలు మారిపోతాయనీ, పూజ అయ్యేదాకా తినననీ, మాత్రల విషయంలో ఏం చేయమంటారనీ అడిగాను. ఆయన చీటీ మీద నుంచి తల ఎత్తలేదు. "పండగన్నాక ఎలాగూ తింటారు కదమ్మా, ఈ నెలంతా రాత్రి కూడా ఒక మాత్ర వేసుకోండి, సరిపోతుంది" అని రాసిచ్చి తరువాతి వారిని పిలిచారు. నేను తినకపోవడం గురించి అడిగాను. ఆయన తినడం గురించి జవాబు చెప్పారు. ఆ గదిలో నాకు దక్కిన కాలం అంతే. ఆయన మీద నాకున్న కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. చల్లారాలని నేను ప్రయత్నించడమూ లేదు.

రాత్రికి కూడా వేసుకోమన్న ఆ గ్లిమెపిరైడ్ మాత్ర ఏం చేస్తుందో అప్పుడు ఎవరైనా విడమరిచి చెప్పి ఉంటే బాగుండేది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ అలాంటిది కాదు. కడుపులోకి అన్నం వచ్చినా రాకపోయినా అది క్లోమాన్ని ప్రేరేపించి ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది, దాని ప్రభావం చాలా గంటలు ఉంటుంది. అంటే ఆ మాత్ర వేసుకున్న మనిషి వేళకు తినడమన్నది వైద్యంలో సగం. మా ఇళ్లలో పండగనాడు వేళకు తినని మనిషి ఎవరో వేరే చెప్పనక్కరలేదు.

లక్ష్మివారం పద్ధతి తెలియని వారి కోసం కొంచెం చెబుతాను. మొదటి వారం పులగం, రెండో వారం అట్లూ తిమ్మనమూ, మూడో వారం అప్పాలూ పరమాన్నమూ, నాలుగో వారం చిత్రాన్నమూ గారెలూ, ఐదో వారం పూర్ణం బూరెలు అమ్మవారికి నివేదన చేస్తారు. తెల్లవారుజామున లేచి, ఇల్లు కడిగి, ముగ్గులు పెట్టి, మడి కట్టుకుని వంట మొదలుపెట్టాలి. నివేదన అయ్యేదాకా వండినదేదీ నోట పెట్టకూడదు, ఉప్పు చూడటం కూడా ఎంగిలే. పూజ, కథ, హారతి అయ్యాక పిల్లలు, మగవారు, ముత్తయిదువలు, వచ్చిపోయే చుట్టాలు తినాలి. వండిన ఆడమనిషి విస్తరి ముందు కూర్చునేసరికి మధ్యాహ్నం మూడు దాటుతుంది, అప్పటికి ఆకలి చచ్చి రెండు ముద్దలు కూడా దిగవు. మా అత్తగారు అలాగే తిన్నారు, మా అమ్మ అలాగే తిన్నది. ఆ ఇద్దరి ఓర్పును నేను గౌరవిస్తాను గాని, ఆ ఓర్పును మెచ్చుకుంటూ వేడి వేడి గారెలు తినిపోయిన వారిని ఇప్పుడు అంతగా గౌరవించలేకపోతున్నాను.

అది నాలుగో లక్ష్మివారం. మా వారి అక్కగారు పాతపట్నం నుంచి వచ్చారు, ఇల్లంతా సందడిగా ఉంది. ఉదయం మాత్రలు వేసుకుని ఒక గ్లాసు పాలు తాగాను. మధ్యాహ్నం భోజనం పేరుకే అయింది. ఒంటిపూట నియమం గనుక రాత్రి ఒక అరటిపండు తిని, వైద్యుడు రాసినట్టు రెండో మాత్ర వేసుకుని పడుకున్నాను.

నడిరేయి దాటాక మెలకువ వచ్చింది. జాకెట్టు, దిండు, పక్క అన్నీ తడిసి ముద్దయ్యాయి. మార్గశిరపు చలిలో అంత చెమట ఎందుకు పోసిందో అర్థం కాలేదు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, చేతులు వణుకుతున్నాయి, దేవుడి గదిలోని దీపం నాకు రెండుగా కనిపిస్తోంది. మా వారిని పిలుద్దామంటే నోట మాట వచ్చింది గాని అది నేను అనుకున్న మాట కాదు. ఆ తరువాత జరిగినదంతా ఇతరులు చెబితే తెలుసుకున్నదే. లేచి కూర్చుని, ఎప్పుడో కాలం చేసిన మా అమ్మతో మాట్లాడానట. మా కోడలిని ఎవరు నువ్వని అడిగానట. మా వారు పక్షవాతం అనుకుని అరికాళ్లు రుద్దుతూ కూర్చున్నారు. వదినగారు మాత్రం నన్ను చూసి రెండు చేతులూ జోడించి, "లక్ష్మివారం పూట అమ్మ పూనింది, ఎవరూ ముట్టుకోకండి, పసుపు నీళ్లు చల్లి హారతి ఇవ్వండి" అన్నారట.

ఆమెకు నా మీద ప్రేమ లేక కాదు. ఆ రాత్రి హారతి కర్పూరం వెతుకుతూ ఆమె ఏడుస్తూనే ఉందని తరువాత తెలిసింది. అయినా ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు వెన్ను జలదరిస్తుంది. చక్కెర పడిపోయి స్పృహ తప్పుతున్న ఆడదానికి ఇంట్లో అందరూ దణ్ణం పెట్టుకుంటూ నిలబడి ఉంటే, మెదడుకు అందాల్సిన చక్కెర అందక ఆ మనిషి అక్కడే వాలిపోయేది, దాన్ని అమ్మవారిలో ఐక్యమని కూడా చెప్పుకొనేవారేమో.

నన్ను కాపాడింది మా కోడలు. పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పని పిల్ల ఆ ఒక్కసారి ఎదురు చెప్పింది. "అత్తయ్యగారిని ముందు నన్ను చూడనివ్వండి, హారతి తరువాత ఇద్దురుగాని" అని గ్లూకోమీటరు తెచ్చి వేలు గుచ్చింది. 41 చూపింది. 70 కంటే తగ్గితే జాగ్రత్త పడాలి, 54 కంటే తగ్గితే అది ప్రమాదమే. ఇంట్లో పళ్లేల నిండా గారెలు, పొరుగింటి వారిచ్చిన అరిసె పిఠాలు ఉన్నాయి. మా వారు వాటిలో ఒకటి నా నోటికి అందించబోతే ఆమె వద్దని ఆపింది. నూనె, నెయ్యి ఉన్న తీపి నెమ్మదిగా అరుగుతుంది, దానిలోని చక్కెర రక్తంలోకి చేరేసరికి ఆలస్యమవుతుంది. అప్పుడు కావలసింది ఒట్టి చక్కెర. గ్లాసు నీళ్లలో నాలుగు చెంచాల పంచదార కలిపి, నేను మింగగలుగుతున్నానో లేదో చూసుకుంటూ కొద్దికొద్దిగా తాగించింది. స్పృహ పూర్తిగా పోయిన వారి నోట్లో ఏదీ పోయకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ సంగతి కూడా ఆమెకు తెలుసు. పావుగంట తరువాత చూస్తే 83 వచ్చింది, నేను ఆమెను పేరు పెట్టి పిలిచాను.

అక్కడితో అయిపోయిందని అందరూ పడుకోబోతే, ఆసుపత్రికి వెళ్లి తీరాలని మళ్లీ పట్టుబట్టింది ఆమే. రాత్రి డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు, ఒడియా అబ్బాయి, నా మాత్రల చీటీ చూసి ఒక్క క్షణం మాట్లాడలేదు. ఈ రకం మాత్ర వల్ల పడిన చక్కెర ఒకసారి లేచినా మళ్లీ పడుతుందనీ, మరునాడంతా కనిపెట్టి ఉండాలనీ చెప్పి డెక్స్‌ట్రోజ్ సెలైను పెట్టించాడు. తెల్లవారేలోగా నిజంగానే 58కి దిగింది. గంటగంటకూ వచ్చి వేలు గుచ్చి, ప్రతిసారీ క్షమించమన్నట్టు నా అరచేతిని ఒక్కసారి నొక్కి వెళ్లిన నర్సమ్మ ముఖం నాకు ఇప్పుడు సరిగా గుర్తు లేదు, చేయి మాత్రం గుర్తుంది. ఆమె చల్లగా ఉండాలి.

ఇంటికి వచ్చాక ఆ చీటీ పట్టుకుని మొదటి వైద్యుడి దగ్గరకు మా వారితో కలిసి వెళ్లాను. జరిగినది విని, "మీరు ఉపవాసం ఉంటారని నాకెలా తెలుస్తుంది?" అన్నారు. నేను చెప్పాను. చెప్పింది వినిపించుకోలేదని కూడా చెప్పాను. ఆయన బల్ల మీది పెన్ను తీసి మళ్లీ పెట్టారు. అంతకంటే ఏమీ జరగలేదు. ఇప్పుడు వేరే వైద్యురాలి దగ్గర చూపించుకుంటున్నాను. ఆమె మొదటిరోజే నన్ను ఏం తింటారని కాక ఎన్నింటికి తింటారని అడిగింది, పండగల పేర్లు కూడా రాసుకుంది. నాకు పాత మాత్ర మానిపించి, చక్కెరను అంత తొందరగా పడేయని మరో రకం ఇచ్చింది. అందరికీ అదే మంచిదని నేను అనను. ఎవరి మూత్రపిండాలు, ఎవరి వయసు, ఎవరి ఖర్చు వారివి. పండగకు ముందు వెళ్లి, ఫలానా రోజు ఇన్నింటిదాకా తినను అని గట్టిగా చెప్పి, జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి. ఎవరికి వారు మాత్ర పెంచుకోవడం, బూరెలకు బదులుగా ఒక మాత్ర ఎక్కువ మింగడం మా వీధిలో నేను చాలామందిలో చూశాను. అది మాత్రం చేయకండి.

మరుసటి మార్గశిరంలో వ్రతం మానలేదు. బాలురకు, వృద్ధులకు, రోగులకు ఉపవాస నియమం లేదని మా పురోహితులు కూడా నిర్ధారణగా చెప్పారు. ఆ మాట నేను అడిగేదాకా ఎవరూ ఎందుకు చెప్పలేదో ఆయన్నే అడగాలనిపించి ఊరుకున్నాను. పొరుగింటి ఒడియా మావుసీ ఆ గురువారాల్లో చదివే కథలో, లక్ష్మిని ఇంట్లోంచి వెళ్లగొడితే జగన్నాథుడికీ బలభద్రుడికీ కూడా ముద్ద అన్నం పుట్టదు. అన్నం విలువ చెప్పే ఆ తల్లి, తనకు వండిపెడుతున్న మనిషిని ఆకలితో మాడమంటుందని నేను నమ్మను. నా నమ్మకం నాది.

ఇప్పుడు ఉదయం ఏడున్నరకే పొయ్యి మీద నైవేద్యంతో సంబంధం లేకుండా, విడిగా పెట్టుకున్న పెసర మొలకలూ ఒక ఇడ్లీయో, మజ్జిగా తీసుకుని మాత్ర వేసుకుంటాను, ఆ తరువాతే మడి కట్టుకుంటాను. ఒంటి గంటకు పూజ ఏ దశలో ఉన్నా నా విస్తరి పడుతుంది. నివేదన అప్పటికి అయ్యేలా వంటకాలు తగ్గించాం. ముందు కూర, పప్పు, ఆ తరువాత అన్నం, చివర ప్రసాదం. బూరె తింటే ఒకటే తింటాను, ఆ పూట అన్నం సగానికి తగ్గిస్తాను. ఖాళీ కడుపున మాత్రం తీపి ముట్టను. బెల్లంతో చేసింది కదా, ఏమీ కాదు అనేవారికి ఒక మాట: పరమాన్నంలో బెల్లమైనా పంచదారైనా గ్లూకోమీటరుకు తేడా తెలియదు. చోళ్లు మంచివే, కొరాపుట్ వైపు నుంచి వచ్చేవి మేమూ తెప్పించుకుంటాం, అయినా చోడి అంబలి కూడా చెంబుల లెక్కన తాగితే చక్కెరను పెంచుతుంది. పొరుగింటి పిఠాలు వస్తే కళ్లకద్దుకుని ఒక ముక్క తుంచుకుంటాను, మిగిలినవి పిల్లలవి. దేవుడి గదిలో కర్పూరం డబ్బా పక్కనే గ్లూకోజు పొడి డబ్బా పెట్టింది మా కోడలు. మొన్నటి పరీక్షలో 7.1 వచ్చింది.

వదినగారితో ఆ రాత్రి గురించి నేను ఎన్నడూ మాట్లాడలేదు. కిందటి సంక్రాంతికి ఆమె వచ్చినప్పుడు, నేను ఒంటి గంటకు విస్తరి వేసుకుంటుంటే ఏమీ అనకుండా వచ్చి నాకు తానే వడ్డించింది. అది క్షమాపణో కాదో నాకు తెలియదు, నేను మాత్రం అలాగే తీసుకున్నాను. కార్తిక సోమవారాల్లో నక్షత్రం కనిపించేదాకా ఉండే ఉపవాసం ఒక్కటి పూర్తిగా వదిలేసి మా వారికి అప్పగించాను. ఆయనకు షుగరు లేదు, ఓపిక కూడా లేదు; సాయంత్రం నాలుగు కాకముందే డాబా ఎక్కి ఆకాశం చూడటం మొదలుపెడుతున్నారు.