పెన్నలో మేడలు

ఏప్రిల్ చివర తీసిన ఒక్క ఉపగ్రహ చిత్రం ఇచ్చి నెల్లూరు పటం గీయమంటే, కంప్యూటర్ బ్యారేజీకి దిగువన పెన్నానదిలో మేడలు కట్టి చూపిస్తుంది. రంగనాయకుల గుడి వెనక ఏటి ఇసుకంతా ఎర్రరంగులో, అంటే కట్టడాల వర్గంలో పడింది. మా ప్రాజెక్టు గైడు గారు ఆ పటం చూసి నవ్వి, “మీ ఇల్లు ఏ ఇసుకతో కట్టారమ్మా?” అని అడిగారు. వేదాయపాళెంలో మా ఇల్లు పెన్న ఇసుకతో కట్టిందే. కాంక్రీటుకూ ఎండిన ఇసుకకూ ఉపగ్రహం కంట్లో పెద్ద తేడా లేదని ఆయన చెప్పదలచుకున్నది అదే.

పీజీ ప్రాజెక్టు కోసం నేను తీసుకున్న పని చెప్పడానికి చిన్నదే. నెల్లూరు నగరాన్నీ చుట్టూ ఉన్న పల్లెలనీ కట్టడాలు, పైరు, నీళ్లు, చెట్లు, బీడు అని ఐదు రకాలుగా విడగొట్టాలి. చిత్రాలకు పైసా ఖర్చు లేదు. అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్ చిత్రాలు 2008 నుంచి అందరికీ ఉచితం, కానీ వాటిలో ఒక్కో పిక్సెల్, అంటే చిత్రంలోని ఒక్కో చుక్క, నేల మీద 30 మీటర్లు. యూరప్ వాళ్ల సెంటినల్-2 ఉపగ్రహాలు 2015లో ఒకటి, 2017లో ఇంకొకటి పైకెళ్లాయి. వాటి పిక్సెల్ 10 మీటర్లు, 2025 జనవరి వరకు రెండూ కలిసి ఐదు రోజులకొకసారి మన మీదుగా వెళ్లేవి. నేను వాటినే వాడాను. లెక్కలు గూగుల్ వాళ్ల కంప్యూటర్ల మీదే నడిచే ఎర్త్ ఇంజిన్‌లో, పటం తుదిమెరుగులు పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో. సొంత కంప్యూటర్ పాతదైనా ఏమీ ఇబ్బంది లేదు.

కట్టడాలను పట్టుకోవడానికి ఎన్‌డీబీఐ అనే సూచిక ఒకటి ఉంది. కంటికి కనిపించని కాంతుల్లో, దగ్గరి పరారుణ కాంతి కంటే షార్ట్‌వేవ్ పరారుణ కాంతిని ఎక్కువగా వెనక్కి పంపే నేలను అది కట్టడం అంటుంది. పుస్తకంలో బాగానే ఉంటుంది. కోత అయిపోయి పగుళ్లిచ్చిన మాగాణి కూడా అచ్చం అలాగే పంపుతుంది. మే నెలలో కోవూరు వైపు పొలాలన్నీ ఆ లెక్కన కాలనీలే. పైగా సెంటినల్‌లో ఆ షార్ట్‌వేవ్ చిత్రం 20 మీటర్లది. మూలాపేట, స్టోన్‌హౌస్‌పేట సందుల్లో ఇల్లు, దారి, వేపచెట్టు అన్నీ ఒకే పిక్సెల్‌లో కలిసిపోతాయి.

దారి దొరికింది పంటల క్యాలెండర్‌లో. మాగాణి డిసెంబరు, జనవరిల్లో నీళ్లతో ఉంటుంది, ఫిబ్రవరి, మార్చిల్లో పచ్చగా ఉంటుంది, కోత తరవాత బీడవుతుంది. సోమశిల జలాశయంలో నీళ్లుండి ఎడగారు, అంటే రెండో పంట, సాగైతే వేసవిలోనూ మళ్లీ పచ్చబడుతుంది. రొయ్యల గుంటలో ఎప్పుడూ నీళ్లే, పట్టుబడి అయ్యాక ఎండబెట్టిన కొన్ని వారాలు మాత్రం మట్టి కనిపిస్తుంది. అది ఏ నెలలోనూ పచ్చబడదు. డాబా అయితే పన్నెండు నెలలూ ఒకేలా ఉంటుంది. అందుకని ఒక్క చిత్రం ఇవ్వడం మానేసి, ఏడాది మొత్తంలో ఒక్కో పిక్సెల్ పచ్చదనం ఎంత పెరిగింది, ఎంత తగ్గింది, ఎన్నిసార్లు నీళ్లయింది అనే లెక్కలు తీసి, వాటిని ర్యాండమ్ ఫారెస్ట్ పద్ధతికి అప్పగించాను. ఏ చోట ఏముందో గుర్తించి ఇచ్చిన నమూనాలు చూసి నేర్చుకొని, మిగతా చోట్ల వర్గం తేల్చే పద్ధతి అది. కోవూరు కాలనీలు చాలామటుకు మళ్లీ పొలాలయ్యాయి.

ఇసుక మాత్రం లొంగలేదు. అదీ డాబాలాగే ఏడాదిలో ఎక్కువ భాగం తెల్లగా పడి ఉంటుంది. అక్కడ రాడార్ పనికొచ్చింది. యూరప్ వాళ్లదే అయిన రాడార్ ఉపగ్రహం సెంటినల్-1 తన తరంగాన్ని ఏటవాలుగా నేల మీదికి వదులుతుంది. చదునైన ఇసుక దాన్ని అవతలికి జారవిడుస్తుంది, కాబట్టి చిత్రంలో నల్లగా కనిపిస్తుంది. ఇంటి గోడా దాని ముందున్న నేలా కలిసి తరంగాన్ని వచ్చిన దారినే తిప్పికొడతాయి, కాబట్టి ఊరు తెల్లగా వెలుగుతుంది. రాడార్‌తో మనకు ఇంకో లాభం, అది మబ్బుల్లోంచి చూడగలదు. ఈశాన్య రుతుపవనాల వల్ల అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు మీద మామూలు చిత్రాల్లో మబ్బు తప్ప ఏమీ ఉండదు. మనవాళ్లు నారు పోసి నాట్లేసేది సరిగ్గా ఆ రోజుల్లోనే. అయితే ఉపగ్రహం చూపుకు అడ్డంగా కాక ఏటవాలుగా తిరిగిన వీధులు రాడార్‌లో మసకగా వస్తాయి. ఈ సంగతి తెలియకపోతే, ఒకే రకం ఇళ్లున్న రెండు పేటలు ఎందుకు వేర్వేరుగా కనిపిస్తున్నాయో అంతుపట్టదు.

ఏడాదికేడాది పోల్చాలనుకునేవారికి ఇంకో మాట. 2022 జనవరి 25 నుంచి సెంటినల్-2 పిక్సెల్ విలువలకు వెయ్యి కలిపి ఇస్తున్నారు. పాత చిత్రాలతో నేరుగా పోలిస్తే ఊరంతా రాత్రికి రాత్రి వెల్ల వేసినట్లుంటుంది. ఎర్త్ ఇంజిన్‌లో ‘హార్మనైజ్డ్’ అని ఉన్న సంకలనం తీసుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

నిజం తేల్చుకోవడానికి నేల మీదికి వెళ్లక తప్పదు. మైపాడు రోడ్డులో ఫోను పట్టుకొని గట్టు మీద నిలబడితే ఒక పెద్దాయన సైకిల్ ఆపి, “రీసర్వే వాళ్లామ్మా?” అన్నాడు.

“కాదు పెదనాన్నా, కాలేజీ పని. ఉపగ్రహం చెప్పింది నిజమో కాదో చూస్తున్నాను.”

“పైనుంచి అన్నీ కనిపిస్తాయంటారు గదా, మళ్లీ ఈ ఎండలో నడవడం దేనికి?”

అడగాల్సిన ప్రశ్నే. మాటల్లోనే ఆయన, ఎదురుగా ఉన్న గుంటల్లో రొయ్యల సాగు ఆపేసి చాలా రోజులైందనీ ఉన్నవి వాన నీళ్లనీ చెప్పాడు. నా పటంలో అవి ‘నీళ్లు’గానే ఉన్నాయి, అలాగే ఉంచాను. నేల మీద ఏముందో చెప్పడం వరకే ఈ పటం పని, అక్కడ ఎవరు ఏం సాగు చేస్తున్నారో దానికి తెలియదు.

వెంచర్ల దగ్గర ఇదే తగువు పెద్దదైంది. పొదలకూరు రోడ్డులోనూ ముత్తుకూరు రోడ్డులోనూ హద్దురాళ్లు పాతి, కంకర దారులు వేసి, ఆర్చి కట్టి వదిలేసిన లేఅవుట్లు ఉన్నాయి. ఇల్లు ఒక్కటీ ఉండదు. పొలమా అంటే కాదు, ఊరా అంటే కాదు. తోటి విద్యార్థులు కట్టడాల్లో కలిపేయమన్నారు. నేను బీడులోనే ఉంచాను. ఇల్లు లేని చోట నగరం ఉందని చెప్పే పని బ్రోచర్లు చేస్తున్నాయి, పటం కూడా చేయనక్కర్లేదు.

వైవాలో మొదటి ప్రశ్న ఊహించినదే: కచ్చితత్వం ఎంత శాతం? ఆ ఒక్క అంకె చాలా మందిని మోసం చేస్తుంది. నెల్లూరు చుట్టూ మాగాణే ఎక్కువ, కాబట్టి మాగాణిని సరిగ్గా గుర్తిస్తే చాలు, కట్టడాల సంగతి ఎలా ఉన్నా మొత్తం శాతం గొప్పగా వస్తుంది. అందుకే ఒక్కో వర్గానికీ విడిగా పట్టిక పెట్టాను. కంప్యూటర్‌కు నేర్పడానికి వాడిన మడి పక్క మడినే పరీక్షకు వాడినా ఇదే మోసం జరుగుతుంది. పరీక్ష బిందువులు వేరే ఊళ్లలోవి అయి ఉండాలి. పట్టికలో అన్నిటికంటే తక్కువ వచ్చింది బీడుకే, వెంచర్ల పుణ్యమా అని. పరీక్షకు వచ్చిన ఆచార్యులు దాని మీదే ఎక్కువసేపు అడిగారు, నాకూ అదే నచ్చింది.

ఇప్పుడు జూనియర్ ఒకతను ఒంగోలు మీద ఇదే పని మొదలుపెట్టి, “అక్కా, మీ నమూనాలు ఇవ్వండి, వాటితోనే నడిపేస్తాను” అంటున్నాడు. ఇస్తాను గానీ వాటితో నడవదు. పెన్న డెల్టా మాగాణి మీద నేర్చుకున్న లెక్కకు ఒంగోలు దగ్గరి చీమకుర్తి గ్రానైట్ క్వారీలూ ఆ రాతి వ్యర్థాల గుట్టలూ ఎన్నడూ ఎదురుపడలేదు. వాటి మీద రాడార్ కూడా వెలుగుతుంది. ముందు చీమకుర్తి వెళ్లి అక్కడి నమూనాలు తీసుకురమ్మన్నాను.