ఒక యూదు పెద్దావిడ కుటుంబ జ్ఞాపకాలకు ఆధారాలు వెతికిన నా అనుభవం

పోలండ్‌లోని వూచ్ నగరంలో పుట్టి పెరిగిన ఒక యూదు పెద్దావిడ చెప్పిన కుటుంబ జ్ఞాపకాలు రాసిపెట్టి, వాటికి ఆధారాలు వెతికాను. ఇలాంటి పని తలపెట్టేవాళ్లకు ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

మొదటే రెండో ప్రపంచ యుద్ధం, అందులో నాజీలు యూదులను చంపడం గురించి అడగవద్దు. ఇంటి గురించి, శుక్రవారం గురించి అడగండి. యూదుల విశ్రాంతి దినమైన శనివారం పొయ్యి వెలిగించరు. అందుకే చిక్కుడు గింజలు, బార్లీ, బంగాళాదుంప, మాంసం వేసిన చోలెంట్ కుండను శుక్రవారమే బేకరీ పొయ్యిలో పెట్టించి మర్నాడు తెచ్చుకునేవారు. కుండ ఎవరు మోసేవారు, బేకరీ ఏ వీధిలో ఉండేది, మధ్యాహ్నం భోజనానికి ఎవరెవరు వచ్చేవారు అని అడిగితే తోబుట్టువుల వరస, చిరునామా, మేనత్తల పేర్లు వాటంతటవే వస్తాయి. "మీ ఇంట్లో ఎంతమంది పోయారు?" అని అడిగితే ఒక అంకె చెప్పి ఊరుకుంటారు.

ఇంట్లో పిలిచే యిద్దిష్ (అక్కడి యూదుల భాష) పేరు, రికార్డులోని పోలిష్ పేరు, తల్లి పుట్టింటి పేరు అన్నీ రాసుకోవాలి. పెళ్లి మతాచారం ప్రకారమే జరిగి రిజిస్టర్ కాకపోతే, పిల్లలు తల్లి ఇంటిపేరుతో నమోదై ఉండవచ్చు. అప్పుడు తండ్రి ఇంటిపేరుతో ఎంత వెతికినా ఏమీ దొరకదు. వూచ్ అప్పట్లో రష్యా ఏలుబడిలో ఉండేది కాబట్టి, 1868 నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా రిజిస్టర్లు రష్యన్‌లో ఉంటాయి. తేదీలు రష్యా పాత కేలండర్, ఇప్పటి కేలండర్ రెండింటిలో, 19వ శతాబ్దంలోనైతే 12 రోజుల తేడాతో కనిపిస్తాయి. జర్మనీ ఆక్రమించాక, 1940 నుంచి జర్మన్ పత్రాల్లో ఊరి పేరు లిట్స్‌మన్‌స్టాట్.

యుద్ధం తర్వాతి జీవితానికి, నాజీల బాధితుల పత్రాలు భద్రపరిచే జర్మనీలోని ఆరోల్సెన్ ఆర్కైవ్స్ ముఖ్యం. వెతకడం, విచారణ పంపడం రెండూ ఉచితమే. అంతర్జాతీయ శరణార్థుల సంస్థకు పెట్టుకున్న దరఖాస్తు దొరికితే, యుద్ధకాలంలో ఎక్కడెక్కడ ఉన్నారో, ఏ దేశం వెళ్లాలనుకున్నారో తెలుస్తుంది. పుట్టిన సంవత్సరం ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటే ఆవిడ జ్ఞాపకాన్ని అనుమానించకండి. నాజీ క్యాంపులో ప్రాణం కాపాడుకోవడానికి వయసు పెంచి చెప్పినవారున్నారు, తర్వాత పిల్లల వలస పథకాల్లో చోటు కోసం తగ్గించి చెప్పినవారున్నారు. రెండు సంవత్సరాలూ రాసి, ఏది ఏ పత్రంలోదో పక్కన గుర్తు పెట్టండి.

అన్నిటికంటే బాధపెట్టేది మరణ తేదీ. 1944 ఆగస్టులో వూచ్ ఘెట్టో (యూదులను నిర్బంధించిన పేట) నుంచి నాజీల మరణశిబిరం ఆష్విట్జ్ చేరిన రోజే గ్యాస్ గదులకు పంపినవారిని అక్కడ నమోదు చేయలేదు. వాళ్లకు క్యాంపు మరణపత్రం లేదు. కుటుంబం దాని కోసం ఏళ్లతరబడి ఎదురుచూడకుండా ఈ సంగతి ముందే చెప్పాలి.

వాళ్ల కోసం జెరూసలేంలోని స్మారక సంస్థ యాద్ వాషెమ్‌లో, చనిపోయినవారి వివరాలు నమోదు చేసే సాక్ష్య పత్రం నింపవచ్చు. మనిషికొక పత్రం. తెలియని గడి ఖాళీగా వదలండి, ఊహించి నింపవద్దు. నింపేముందు అదే పేరు అక్కడ ఇప్పటికే ఉందేమో చూడండి. వేరెవరైనా దాఖలు చేసి ఉంటే, వారి పేరు, బంధుత్వం అందులోనే ఉంటాయి. అందులో ఉన్న వారి చిరునామా పాతదైనా, వారి పేరుతో ఆరోల్సెన్‌లో మళ్లీ వెతకాలి. బతికి బయటపడ్డ బంధువుల ఆచూకీ ఈ దారిలోనే దొరికిన కుటుంబాలు ఉన్నాయి.