చించిల్లాకు గుంటూరు ఎండ పడదు

మా కింది వాటా కుర్రాడు ఇంటర్ బైపీసీ చదువుతున్నాడు. ఫోనులో ఏదో వీడియో చూసి చించిల్లా అనే బొచ్చు జంతువు మీద మనసు పారేసుకున్నాడు, తెచ్చి పెంచుకుంటానన్నాడు. జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి మేడ మీదే ఉండగా ఇంకెవరినో అడగడం దేనికని నా దగ్గరికి వచ్చాడు. ‘‘వద్దు నాన్నా’’ అన్నాను. ఒక్క మాటతో వదిలే రకం కాదు, కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది.

అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో ఒకటి ఉంది. అక్కడున్నన్నాళ్లూ సాయంత్రం పూట నా కాలక్షేపం దానితోనే. పగలంతా చెక్కపెట్టెలో నిద్రపోయి, దీపాలు పెట్టే వేళకు మీసాలు కదుపుతూ బయటికి వచ్చేది. అర కిలో పైచిలుకు బరువుండే ఎలుక జాతి జంతువు. వేలు పెడితే తగిలిన స్పర్శే తెలియనంత మెత్తన. మనకు ఒక రోమకూపం నుంచి వచ్చేవి ఒకటి రెండు వెంట్రుకలు. దానికి యాభై పైనే. చదరపు సెంటీమీటరుకు దాదాపు 20,000. కుక్కలను పీక్కుతినే పురుగులు కూడా అందులో నిలదొక్కుకోలేవు.

ఇంత బొచ్చు తడిస్తే ఓ పట్టాన ఆరదు. చలి పట్టేస్తుంది, చర్మానికి బూజు తెగులు వస్తుంది. అందుకే దాని స్నానం దుమ్ముతోనే. అగ్నిపర్వత శిలల మెత్తటి పొడి ఒక గాజు గిన్నెలో పోసి పెడతారు. మొదట వాసన చూస్తుంది, ముందు కాళ్లతో రెండుసార్లు గీరుతుంది, ఆ వెంటనే పక్కకు పడి గిరగిరా దొర్లుతుంది. లేచి ఒళ్లు విదిలిస్తే నా కళ్లద్దాల నిండా పొడే. చర్మం మీది జిడ్డునూ చెమ్మనూ ఆ పొడి పీల్చేస్తుంది. సూర్యలంక నుంచి తెచ్చినా సరే, ఇసుక మాత్రం ఆ పనికి రాదు.

‘‘ఎ.సి. గదిలో పెడతాం మామ్మగారూ!’’ అన్నాడు వాడు. అసలు చిక్కు అక్కడే ఉంది. పెంపుడు చించిల్లాల పూర్వీకులది ఉత్తర చిలీలోని పొడి కొండల ప్రాంతం. పగలు రాతి సందుల్లో దాక్కుని, ఎండ తగ్గాక తిరిగేవి. చెమట పట్టే ఒళ్లు కాదు. లోపలి వేడి ఎక్కువగా ఆ పెద్ద చెవుల గుండానే పోవాలి. ఉష్ణోగ్రత 25 డిగ్రీలు దాటుతుంటేనే ఇబ్బంది మొదలవుతుంది, ఉక్కపోత తోడైతే మరీ. చెవులు ఎర్రబడి, నీరసంగా పక్కకు వాలిపోయిందంటే వడదెబ్బే. బ్రాడీపేటలో రాత్రి పది దాటినా గోడలు సెగలు కక్కే రోహిణి కార్తెలో, గాలిదుమారానికి కరెంటు పోయిందనుకో, ఎ.సి. ఏం చేస్తుంది? వాళ్ల నాన్న ఇన్వర్టరు ఫ్యాన్లకే చాలదు.

బొచ్చుతో దానికి ఇంకో ఉపకారమూ ఉంది. నక్కో గుడ్లగూబో పట్టుకుంటే పట్టిన చోట బొచ్చు ఊడి శత్రువు దగ్గర మిగులుతుంది, జంతువు జారిపోతుంది. మా మనవరాలి స్నేహితురాలు ఆత్రంగా పట్టుకోబోయి గుప్పెడు బొచ్చుతో మిగిలింది. నొప్పి పెద్దగా ఉండదు కానీ మళ్లీ మొలవడానికి నెలలు పడుతుంది.

మనిషి దగ్గర మాత్రం ఈ ఉపాయం పారలేదు. ఒక్క కోటుకు వందకు పైగా తోళ్లు కావాలి. వేట ఎంత విపరీతమైందంటే 1910లో చిలీ, అర్జెంటీనా, బొలీవియా, పెరూ కలిసి దాన్ని ఆపడానికి ఒప్పందం చేసుకున్నాయి. 1923లో మథయాస్ చాప్‌మన్ అనే గని ఇంజనీరు చిలీ నుంచి కాలిఫోర్నియాకు పదకొండింటిని తీసుకెళ్లాడు. ఇప్పుడు ఇళ్లలో ఉన్నవాటిలో చాలావరకు వాటి సంతతే. అడవిలో మిగిలిన రెండు జాతులూ అంతరించే ప్రమాదంలోనే ఉన్నాయి.

ఇక మిగతావి వాడు పరీక్షకు రాసుకున్నట్టే రాసుకున్నాడు. పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, అందుకే ఎప్పుడూ గడ్డి నమలాలి. ముందు పళ్లు నారింజ పసుపులో ఉంటేనే ఆరోగ్యం. గర్భం 111 రోజులు. ఎలుకకు మూడు వారాలే. పిల్లలు బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పుడతాయి. ఆడది మగదానికంటే పెద్దది, కోపం వస్తే నిలబడి గురి చూసి మూత్రం చిమ్ముతుంది. ఇది విన్నాక వాడి ఉత్సాహం కాస్త తగ్గిందని నా అనుమానం.

‘‘పోనీ గినీ పందిని తెచ్చుకోనా?’’ అన్నాడు లేస్తూ. అదీ ఆండీస్ కొండల చుట్టమే, దానికీ మన వేసవి గండమే అని చెప్పి పంపించాను.