3,000 గంటలు, ఒక ఆవకాయ సీసా

టెక్సాస్‌లో క్లినికల్ సోషల్ వర్కర్‌గా, అంటే మానసిక సమస్యలను గుర్తించి మాటలతో చికిత్స చేసే సోషల్ వర్కర్‌గా, సొంతంగా ప్రాక్టీసు చేయడానికి కావలసిన ఎల్‌సీఎస్‌డబ్ల్యూ లైసెన్సు నాకు వచ్చిందని తెలిసి ఫోన్ చేసిన బంధువులందరూ పరీక్ష ఎంత కష్టమని అడిగారే తప్ప, దానికి ముందు గడిచిన సంవత్సరాల గురించి ఒక్కరూ అడగలేదు. వారి తప్పేమీ లేదు; మన దగ్గర ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివినవారికి లైసెన్సు అన్న ఊహే కొత్త. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అంటే ఎవరో నిర్వచించి, ఎమ్మెస్‌డబ్ల్యూ మీద రెండేళ్ళ ఎంఫిల్ కూడా ఉండాలని చెప్పింది గాని, నేను చదువుకున్న రోజుల్లో పట్టా చేతికి వస్తే చదువు ముగిసినట్టే.

ఆ పట్టాతోనే ఇక్కడ మొదటి చిక్కు వచ్చింది. విదేశీ సోషల్ వర్క్ డిగ్రీ అమెరికా డిగ్రీకి సమానమో కాదో తేల్చేది సీఎస్‌డబ్ల్యూఈ అనే విద్యామండలి. ఇక్కడి ఎమ్మెస్‌డబ్ల్యూలో కనీసం 900 గంటల ఫీల్డ్‌వర్క్ ఉండాలి. మేమూ వారానికి రెండు రోజులు బస్తీలకు, ఆసుపత్రులకు తిరిగినవాళ్ళమే, అయితే ఆ తిరుగుడును గంటల్లో లెక్కపెట్టి రాసి పెట్టినవారు లేరు. పాత సిలబస్ ప్రతి కోసం, ఫీల్డ్‌వర్క్ ధ్రువపత్రం కోసం మా నాన్నగారు విశ్వవిద్యాలయం చుట్టూ ఎన్నిసార్లు తిరిగారో ఆయనే చెప్పాలి. దీనికితోడు డిపెండెంట్ వీసా మీద ఉన్న నాకు పని అనుమతి వచ్చేదాకా ఏ లెక్కా మొదలు కాలేదు.

తరువాత ఒక పరీక్ష రాసి, ఎల్‌సీఎస్‌డబ్ల్యూకు ముందు మెట్టయిన ఎల్‌ఎమ్‌ఎస్‌డబ్ల్యూ లైసెన్సు తెచ్చుకున్నాను. అది ఉంటే ఉద్యోగం చేయవచ్చు గాని, పైవారి పర్యవేక్షణ లేకుండా క్లినికల్ పని చేయకూడదు. ఎల్‌సీఎస్‌డబ్ల్యూ కావాలంటే కనీసం 24 నెలల పాటు 3,000 గంటల క్లినికల్ పని, అందులో భాగంగా అనుమతి పొందిన సూపర్‌వైజర్ ఎదుట కూర్చుని 100 గంటల చర్చ పూర్తిచేయాలి. చెప్పుకోవలసినదంతా ఆ 100 గంటల్లోనే జరిగింది.

పిల్లల దగ్గరే స్థిరపడిన ఒక పెద్దావిడ (ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను) మనవణ్ణి డే కేర్‌లో వేసిన నాటినుంచి "బెంగ పెట్టుకున్నానమ్మా, ముద్ద దిగడం లేదు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను ఆగలేదు. గుడికి వెళ్తూ ఉండండి, నలుగురిలో పడితే అదే సర్దుకుంటుంది అని, మా మేనత్త నాకు చెప్పే మాటలనే ఆవిడకు చెప్పేశాను. ఆ వారం మా సూపర్‌వైజర్ నా నోట్సు చదివి, ఆ ఏడుపు ఆగాలన్న తొందర ఆవిడదా, నీదా అని అడిగారు. జవాబు చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

బెంగ అన్న మాట దగ్గర కూడా చాలాసేపు ఆగిపోయాం. బీమా సంస్థకు బిల్లు వెళ్ళాలంటే మానసిక రుగ్మతల లక్షణాలను వర్గీకరించిన డీఎస్‌ఎమ్ అనే పుస్తకం ప్రకారం ఒక నిర్ధారణ ఉండాలి. జీవితంలో వచ్చిన మార్పు తరువాత మూడు నెలలలోపు మొదలైన బాధ అయితే ఒక పేరు, రెండు వారాలపాటు తొమ్మిది లక్షణాలలో కనీసం ఐదు ఉంటే మరో పేరు. బెంగ ఆ రెండింటిలోనూ పూర్తిగా ఇమడదు. అయినా నిద్ర, ఆకలి, చావు ఆలోచనలు, అన్నిటి గురించీ ఒక్కొక్కటిగా అడిగి తెలుసుకున్నాకే పేరు పెట్టాలని, అంతవరకు ఆవిడ అన్న మాటను తెలుగులోనే రాసి పక్కన అర్థం రాయమని ఆయన చెప్పారు. తెలుగు రాని మనిషి నాకు తెలుగు మాటను జాగ్రత్తగా వినడం నేర్పారు.

ఇక ఆవకాయ సీసా. ఆవిడే తెచ్చింది. తీసుకుంటే మా మధ్య హద్దు చెరిగిపోతుందేమో, వద్దంటే ఆవిడ మనసు నొచ్చుకుంటుంది. పైగా డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళం ఏ గుడిలోనో, ఏ పుట్టినరోజు విందులోనో ఎదురుపడక తప్పదు. ఆ సీసా మీద ఒక గంట సూపర్‌విజన్ నడిచిందంటే ఇంట్లో ఎవరూ నమ్మలేదు. చివరకు సీసాను ఆఫీసులో అందరి ఫ్రిజ్‌లో పెట్టి, ఆ సంగతి ఆవిడకు చెప్పి, రికార్డులోనూ రాశాను. వారంలో ఖాళీ అయింది.

పరీక్ష గురించి అడిగారు గనుక చెబుతాను. నేను రాసినప్పుడు నాలుగు గంటల్లో 170 ప్రశ్నలు. వాటిలో 150కే మార్కులు, మిగతా 20 వారు ప్రయోగానికి పెట్టుకున్నవి, ఏవి ఏవో మనకు తెలియదు. ఇచ్చిన జవాబులన్నీ సరైనవిగానే కనిపిస్తాయి. సోషల్ వర్కర్ "మొదట" ఏం చేయాలి అన్న ఆ ఒక్క మాట మీదే ప్రశ్న తిరుగుతుంది. ప్రాణాపాయం ఉందా అని చూడటం, ఎదుటివారి బాధను గుర్తించడం ముందు, ఉపాయం తరువాత. మేనత్త పద్ధతిలో జవాబులు గుర్తిస్తూ పోతే తప్పడం ఖాయమని నమూనా పరీక్షలలోనే తెలిసింది. అయితే ఈ పరీక్ష నైపుణ్యాన్ని మాత్రమే కొలుస్తుందని నేను నమ్మను. నిర్వహించే ఏఎస్‌డబ్ల్యూబీ సంస్థే 2022లో బయటపెట్టిన లెక్కల్లో, 2021లో మొదటిసారి క్లినికల్ పరీక్ష రాసినవారిలో శ్వేతజాతీయులు సుమారు 84 శాతం ఉత్తీర్ణులైతే, నల్లజాతీయులు 45 శాతమే; ఇంగ్లీషు మాతృభాష కానివారి ఉత్తీర్ణత కూడా తక్కువే.

లైసెన్సు వచ్చాక మొదటి సోమవారం ఒక సెషన్ నోట్సు పూర్తిచేసి, అలవాటుగా సూపర్‌వైజర్ సంతకం కోసం పక్కన పెట్టి, మధ్యాహ్నందాకా దాన్ని తిరిగి చూడలేదు. భోజనమయ్యాక గుర్తొచ్చి, నేనే సంతకం చేశాను.