సిమెంటు నేల మీద నిలబడే దోమతెర: సైకిల్ యాత్రకు టెంట్ కొన్న అనుభవం

టెంట్ చూడబోయే ముందు నేను రాసుకున్నది టెంట్ల జాబితా కాదు, పడుకోబోయే చోట్ల జాబితా. పెట్రోల్ బంకు వెనక గచ్చు, గుడి మంటపం, పంచాయతీ ఆఫీసు వరండా, స్కూలు ఆవరణ, రైతు ఒప్పుకుంటే కళ్ళం. మన రెండు రాష్ట్రాల్లో సైకిల్ మీద తిరిగేవాడికి ఎక్కువ రాత్రులు కింద సిమెంటో బండో ఉంటుంది. పైన కప్పు ఉండే రాత్రులూ తక్కువేం కాదు. దోమలు మాత్రం అన్ని చోట్లా ఉంటాయి.

ఈ జాబితా రాసుకున్నాక సగం టెంట్లు వాటంతట అవే పక్కకి పోయాయి. మేకులు కొడితే తప్ప నిలబడని సొరంగం ఆకారం టెంట్లు గచ్చు మీద గుడ్డపీలికలే. చేతికర్రల ఆధారంతో నిలబెట్టేవి బరువు తక్కువే, కానీ సైకిల్ తొక్కేవాడి దగ్గర చేతికర్రలెక్కడివి? విసిరితే తెరుచుకునే పాప్‌అప్ రకంలో చాలావాటిని మడిస్తే పెళ్ళివంట పళ్ళెమంత గుండ్రంగా తయారవుతాయి, క్యారియర్ మీద అటూ ఇటూ పొడుచుకొస్తాయి. చివరికి మిగిలింది పాతకాలపు రకమే. రెండు పోల్స్ అడ్డంగా ఒకదాని మీదొకటి దాటే డోము, లోపల జాలీ గది, పైన వేరేగా వాన గుడ్డ. వాన లేని రాత్రి, కప్పు కింద, జాలీ గది ఒక్కటే నిలబెట్టుకుంటే అదే దోమతెర.

‘ఫ్రీస్టాండింగ్’ అని రాసి ఉంటే చాలనుకోకండి. అమ్మేవాళ్ళు ఆ మాటని బాగా సాగదీస్తారు. కొన్నిటికి తలవైపు రెండు కొమ్మలుగా చీలి, కాళ్ళవైపు ఒక్కటే వచ్చే వై ఆకారం పోల్ ఉంటుంది. తలవైపు బాగానే నిలబడుతుంది, కాళ్ళవైపు రెండు మూలల్నీ మేకులతో లాగకపోతే గుడ్డ కాళ్ళ మీద పడుతుంది. నాలుగు మూలలకీ నాలుగు పోల్ చివరలు దిగుతున్నాయా అని ఫొటోలో లెక్కపెట్టండి. అలా దిగినా, తలుపు ముందు వాన గుడ్డతో ఏర్పడే వసారాకి మాత్రం ఎక్కడైనా లాగి కట్టక తప్పదు. గచ్చు మీద దానికి నేను వాడేవి రెండు ఇటుకలు. అవి లేకపోతే నీళ్ళు నింపిన లీటరు సీసాలు, లేదా పక్కన పడుకోబెట్టిన సైకిల్ పెడల్.

ఇక కొలతలు. ఒక్కడికైనా ఇద్దరి టెంటే కొనాలి. ‘ఇద్దరికి’ అంటే తయారీదారు భాషలో భుజం భుజం ఆనించి పడుకునే ఇద్దరు. నేల వెడల్పు 120 నుంచి 130 సెం.మీ. ఉంటే ఒక మనిషి, పక్కన ప్యానియర్లు, అంటే క్యారియర్‌కి రెండు వైపులా తగిలించే బ్యాగులు రెండూ పడతాయి. పొడవు 210 సెం.మీ. కావాలి. నా ఎత్తు 173, కానీ గోడలు ఏటవాలుగా వస్తాయి కాబట్టి తల దగ్గరా కాళ్ళ దగ్గరా పదేసి సెంటీమీటర్లు వదిలేయాల్సిందే. ఎత్తుకు ముందు మిమ్మల్ని మీరు కొలుచుకోండి. నేల మీద మఠం వేసుకుని కూర్చుంటే తల పైభాగం దాకా నాకు 92 సెం.మీ. వచ్చింది. టెంట్ మధ్య ఎత్తు 105 సెం.మీ. ఉంటే చొక్కా మార్చుకోగలను, 95 అయితే నడుం వంచుకునే ఉండాలి.

పోల్స్ విషయంలో రెండు ప్రశ్నలు. మొదటిది, దేంతో చేశారు? చవక టెంట్లలో దాదాపు అన్నిటికీ ఫైబర్‌గ్లాస్. అది ఎక్కువగా విరిగేది మధ్యలో కాదు, ఇనుప గొట్టంలోకి దూరే చివర దగ్గర. అక్కడ నిలువుగా చీలుతుంది, చీలిన పోగులు వేళ్ళలో గుచ్చుకుంటాయి. అల్యూమినియం అయితే ముందు వంగుతుంది, వంగినదాన్ని జాగ్రత్తగా సరిచేసి ఆ యాత్ర గడిపేయొచ్చు. ఇద్దరి టెంట్‌కి ఫైబర్‌గ్లాస్ నుంచి అల్యూమినియంకి మారితే సుమారు 300 గ్రాములు తగ్గుతుంది కూడా. అల్యూమినియం రకం 7001 టీ6 అని రాసి, పోల్ వ్యాసం 8.5 మి.మీ. ఉంటే సరిపోతుంది. టెంట్‌లో అదనంగా డబ్బు పెట్టదగ్గ చోటు ఏదైనా ఉంటే అది ఇదే అని నా అభిప్రాయం.

రెండో ప్రశ్న ఎవరూ అడగరు, సైకిల్‌వాళ్ళు మాత్రం అడగాలి: మడిచిన పోల్ ముక్క పొడవెంత? కిందికి మెలి తిరిగిన హ్యాండిల్‌బార్ ఉన్న రోడ్ సైకిల్‌కి రెండు బ్రేకు పిడుల మధ్య దూరం 40 సెం.మీ. అటూఇటూ ఉంటుంది. 3.6 మీటర్ల పోల్‌ని ఎనిమిది ముక్కలు చేస్తే ఒక్కోటి 45, పది ముక్కలు చేస్తే 36. మొదటిది హ్యాండిల్ ముందు సంచిలో పట్టదు, రెండోది పడుతుంది. తిన్నటి హ్యాండిల్ ఉన్న హైబ్రిడ్, ఎంటీబీ (మౌంటెన్ బైక్) సైకిళ్ళకి ఈ బాధ లేదు. పొడవు ముక్కలే వస్తే పోల్స్‌ని విడిగా తీసి, పాత ట్యూబు ముక్కలో చుట్టి, ఫ్రేము పై గొట్టానికి వెల్‌క్రోతో కట్టేయొచ్చు. పోల్స్ తీసేశాక మిగిలిన గుడ్డని మడత పెట్టక్కర్లేదు, ప్యానియర్‌లో కుక్కేస్తే ఖాళీలన్నిట్లోకీ సర్దుకుంటుంది.

గుడ్డ మీద రాసే అంకెల్లో డెనియర్ అంటే 9,000 మీటర్ల నూలు బరువు గ్రాముల్లో. అంకె పెద్దదైతే నూలు లావు. 190టీ, 210టీ అనేవి చదరపు అంగుళంలో పడుగు పేక కలిపి ఎన్ని పోగులో చెప్తాయి. మిల్లీమీటర్లలో రాసేది, గుడ్డ మీద ఎంత ఎత్తు నీరు నిలబెట్టినా కారకుండా ఆపగలదో. పై గుడ్డకి 1,500 మి.మీ. సరిపోతుంది. నేలకి 3,000 చూడండి, ఎందుకంటే తడి నేల మీద మోకాలు ఆనిస్తే పడే ఒత్తిడి వాన చినుకు కన్నా చాలా ఎక్కువ. 5,000, 8,000 అని ఊరించే చోట ఆ డబ్బు పోల్స్‌లోకి వెళ్ళిందా అని చూసుకోండి.

నేల గుడ్డ మందం మాత్రం మన దగ్గర తేలిగ్గా తీసుకోకూడదు. సర్కారు తుమ్మ ముల్లు, పల్లేరు కాయ, ఈ రెండూ టైర్లని ఎలా పొడుస్తాయో సైకిల్‌వాళ్ళకి చెప్పక్కర్లేదు. 20 డెనియర్ నేలని అవి లెక్కే చేయవు. 68 లేదా 75 డెనియర్ పాలిస్టర్ నేల బరువే, అయినా అదే నయం. పై గుడ్డకి కూడా నేను నైలాన్ కన్నా పాలిస్టర్‌నే ఎంచాను. తడిస్తే నైలాన్ సాగి వేలాడుతుంది, అర్ధరాత్రి లేచి మళ్ళీ బిగించాలి. మన ఎండకి కూడా పాలిస్టరే ఎక్కువ కాలం ఆగుతుంది.

బరువు గురించి సైకిల్‌వాళ్ళు అనవసరంగా కంగారుపడతారు. శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు ఎక్కుతున్నారనుకోండి. మనిషి, సైకిల్, సామాను కలిపి 100 కిలోలు. టెంట్ అరకిలో ఎక్కువైతే మొత్తం మీద అర శాతం. నిటారు ఎక్కుడులో గంటకి 18 సెకన్లు ఆలస్యం. ఆ అరకిలో తగ్గించడానికి ధర రెట్టింపవుతుంది. వీపు మీద మోసే ట్రెక్కర్ లెక్క వేరు, మనకి మోసేది క్యారియర్. రెండుంపావు కిలోల దాకా నాకు అభ్యంతరం లేదు, మూడు దాటితే వద్దు.

సైకిల్‌కి అనువైన నవంబరు–ఫిబ్రవరి కాలంలో మనల్ని తడిపేది ఎక్కువగా వాన కాదు, మంచు. నెల్లూరు వైపు డిసెంబరు దాకా వానలుంటాయి, అది వేరే సంగతి. లంబసింగి, అరకు లాంటి చోట్ల తెల్లవారేసరికి పై గుడ్డ లోపలి వైపు కూడా నీళ్ళోడుతుంది. అది గుడ్డ కారడం కాదు, మన ఊపిరిలో తేమ చల్లటి గుడ్డకి తగిలి నీరవ్వడం. ఒకే పొర టెంట్ అయితే ఆ నీరు నేరుగా పడక మీదికే వస్తుంది. రెండు పొరలుంటే జాలీ బయటే ఆగుతుంది. అందుకే జాలీకీ పై గుడ్డకీ మధ్య నాలుగు వేళ్ళ ఖాళీ, పైన గాలి పోయే కిటికీ ఉండాలి. జాలీ కన్ను కూడా చూడండి. దోమ ఆగే జాలీలో నుసుములు ఆగవు. జాలీని వేలికి చుట్టి చూస్తే చర్మపు గీతలు మసకగా కనిపించేంత సన్నగా ఉంటే మంచిది.

ఈ లెక్కలన్నీ పెట్టుకుని ఏడు వేల చిల్లరలో ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. పేరు రాయడం లేదు, మోడళ్ళు ఏటా మారిపోతాయి, కొలతలే మిగులుతాయి. పెట్టె వచ్చాక చేసిన పరీక్షల వరుస ముఖ్యం, ఎందుకంటే తడిపిన టెంట్‌ని వెనక్కి తీసుకోమంటే గొడవవుతుంది. పొడి పరీక్షలన్నీ గడువు లోపలే ముగించాలి.

మొదట కాటా. ప్రకటనలో 1.8 కిలోలు, లగేజీ కాటా మీద 2.2. మోసమనలేం. మేకులు, తాళ్ళు, సంచులు వదిలేసి రాసే ‘కనీస బరువు’ అది. కొనేటప్పుడు మొత్తం సంచి బరువే అడగాలని అప్పుడు అర్థమైంది. తర్వాత మేడ మీద ఒక్క మేకు కూడా వాడకుండా నిలబెట్టి, చాప పరిచి, బ్యాగులు లోపల పెట్టి అరగంట పడుకున్నాను. జిప్పుల్ని మూలల దగ్గర ఒక్కోటి ఇరవైసార్లు లాగి తోశాను. జిప్పు తిన్నగా పోయే చోట ఎప్పుడూ పట్టదు, వంపు దగ్గరే పక్క గుడ్డని కొరుకుతుంది. పోల్స్‌లో ఎలాస్టిక్ తాడు వదులుగా ఉందేమో చూసి, చీకటి పడ్డాక లోపల టార్చి వేసి బయటి నుంచి కుట్ల వెంట నడిచాను. సూది మొన కంటే పెద్ద వెలుగు చుక్క కనిపిస్తే కుట్టులోంచి నీరు దిగకుండా లోపల అంటించే పట్టీ అక్కడ అంటలేదన్నమాట.

ఇవన్నీ దాటాకే నీళ్ళు. తోట పైపుతో పావుగంట, పైనుంచి మాత్రమే, కింద నుంచి చిమ్మకూడదు. ఒక మూల లోపల తడి కనిపించింది. కుట్టు పొడవునా పట్టీ ఉంది కానీ, తాడు కట్టే ఉంగరం దగ్గర బలానికి వేసిన అదనపు కుట్టు మీద లేదు. టెంట్లు చాలావరకు కారేది ఇలాంటి చోటే. దీనికి మందు గుడ్డ పూతని బట్టి ఉంటుంది. సెలోటేపు అంటించి చూడండి. గట్టిగా అంటితే పీయూ (పాలీయూరిథేన్) పూత, జారిపోతే సిలికాన్ పూత. పీయూ మీద పీయూ సీమ్ సీలర్, అంటే కుట్లు మూసే జిగురు పూయాలి. సిలికాన్ మీద అది ఆరాక పొరలా ఊడొస్తుంది. దానికి హార్డ్‌వేర్ షాపులో దొరికే రంగులేని సిలికాన్ సీలెంట్‌ని మినరల్ టర్పెంటైన్‌లో పల్చన చేసి బ్రష్‌తో రాసుకోవచ్చు. నాది పీయూ. సన్నటి పూత రాసి, ఒక రోజు ఆరనిచ్చి, మళ్ళీ నీళ్ళు పోశాను, ఆగింది.

అడుగున పరిచే పట్టాకి అందరూ ముందు ఫ్లెక్సీ వైపు చూస్తారు. ఊరికే దొరుకుతుంది, నాయకుడి ముఖం మీద హాయిగా పడుకోవచ్చు. కానీ టెంట్‌కి సరిపడా రెండున్నర చదరపు మీటర్ల ముక్క కాటా మీద ముప్పావు కిలో తూగింది. 100 మైక్రాన్ల పాలిథీన్ షీట్ అదే కొలతకి పావు కిలో లోపే. దాన్ని టెంట్ నేల కన్నా అన్ని వైపులా ఐదు సెంటీమీటర్లు తక్కువగా కత్తిరించాలి. పెద్దగా వదిలేస్తే పై గుడ్డ మీంచి జారిన వాన నీరు పట్టా మీద పడి టెంట్ అడుగుకి చేరుతుంది, అప్పుడు 3,000 కాదు 10,000 ఉన్నా నీళ్ళలోనే పడక.

వెంట ఇచ్చిన మేకులు సన్నటి తీగలాంటివి. నల్లరేగడిలో పరవాలేదు, మొరం నేలలో మొదటి దెబ్బకే వంగాయి. ఆరు వై ఆకారం అల్యూమినియం మేకులు విడిగా కొన్నాను. సముద్రపు ఇసుకలో ఏ మేకూ నిలవదు, గుడ్డ సంచిలో ఇసుక నింపి తాడు కట్టి పాతిపెట్టడమే. మరమ్మతు సంచిలో పోల్ మీద తొడిగే 12 సెం.మీ. అల్యూమినియం గొట్టం, కాస్త డక్ట్ టేపు, సూదీ దారం. పోల్ మడిచేటప్పుడు మధ్య నుంచి మొదలుపెట్టండి, ఎలాస్టిక్ రెండు వైపులా సమానంగా సాగుతుంది.

పాత టెంట్ సగం ధరకి దొరికితే వద్దనను, కానీ పై గుడ్డ లోపలి వైపు చేత్తో రాసి, వాసన చూసి తీసుకోండి. జిగురుగా తగిలి పులిసిన వాసన వస్తే పీయూ పూత తేమకి కుళ్ళిపోయినట్టే, దానికి బాగుచేత లేదు. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్ళలో సంచిలో బిగించి అటక మీద పడేసిన టెంట్లకి ఇది త్వరగా వస్తుంది. నాది ప్రతి యాత్ర తర్వాత ఫ్యాను కింద ఒక రోజు ఆరి, పాత దిండు గలేబులో వదులుగా బీరువాలో ఉంటుంది. మేకులు మాత్రం మట్టి కడిగి విడిగా, లేకపోతే జాలీకి చిల్లులు పడతాయి.