బొంతలోని పనితనం

ప్రదర్శనశాలలో కాంథాను, అంటే బెంగాల్ స్త్రీలు పాత చీరలతో కుట్టే బొంతను, చూసి అబ్బురపడతాం, మన ఇళ్ళలో ట్రంకు పెట్టె అడుగున పడి ఉన్న బొంతను మాత్రం కళగా ఎన్నడూ లెక్కవేయము. ఈ తేడా నన్ను చాలాకాలంగా బాధపెడుతూనే ఉంది, ఎందుకంటే రెండూ ఒకే అవసరంలోంచి, ఒకే పద్ధతిలో పుట్టాయి. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరలనూ పంచెలనూ పొరలుగా పరచి, అవి కదలకుండా ఈ చివర నుంచి ఆ చివర దాకా సూదిని పైకీ కిందికీ దించుతూ సాదా కుట్టు వేసుకుంటూ పోవడమే ఆ పద్ధతి. నలిగిపోయిన గుడ్డ ఒక్కటిగా ఉంటే కాస్త లాగినా చిరుగుతుంది. అదే నాలుగైదు పొరలను దగ్గర దగ్గర కుట్లతో కలిపితే లాగుడు ఒక్కచోటే పడకుండా గుడ్డంతటికీ సర్దుకుంటుంది, పొరల మధ్య నిలిచిన గాలి చలిని ఆపుతుంది.

మా నాయనమ్మ కుట్టిన బొంత ఒకటి ఇప్పటికీ నా దగ్గర ఉంది. దాన్ని వెలుతురులో పరచి చూస్తే ఆమె ఆలోచన ఎలా సాగిందో తెలుస్తుంది. గుడ్డ గట్టిగా ఉన్నచోట కుట్టు వరసలు బొటనవేలి వెడల్పు ఎడంతో నడుస్తాయి. చీర పలచబడిన చోటికి వచ్చేసరికి అవే వరసలు సగానికి సగం దగ్గరవుతాయి. మరీ చీకిపోయిన చోట వేరే చీర ముక్క అతికి, దాని చుట్టూ నలుపలకలుగా కుట్టు తిప్పింది. దారం అయిపోయిన చోట వేసిన ముడి ఎటువైపు నుంచీ కనబడదు, దాన్ని పొరల మధ్యకు లాగేసింది. ముందుగా గీసుకున్న ముగ్గు లేదు, కొలబద్ద లేదు. ఎక్కడ ఎంత కుట్టాలో గుడ్డను తడిమి తేల్చుకుంది.

కాంథా కుట్టిన బెంగాల్ పల్లె స్త్రీలు రంగు దారాలను కూడా పాత చీరల అంచుల నుంచే లాగి వాడుకునేవారు. నడుమ పద్మం, మూలలకు మామిడిపిందెలు వేసి, మిగిలిన చోటంతా బళ్ళతో, ఏనుగులతో, చెట్లతో నింపేవారు. బెంగాల్ జానపద కళల సేకర్త గురుసదయ్ దత్ (1882–1941) ఊరూరా తిరిగి సేకరించిన కాంథాలు కోల్‌కతా దగ్గర జోకాలో ఆయన పేరిట ఉన్న మ్యూజియానికి చేరాయి. వాటిలో మానదాసుందరి అనే ఆమె తన తండ్రి కోసం కుట్టిన కాంథా ప్రసిద్ధమైనది, అందులో ఆమె తన పేరును కూడా కుట్టుకుంది. లక్షల బొంతలు కుట్టిన చేతుల పేర్లు ఎక్కడా నిలవని దేశంలో ఆ ఒక్క పేరు నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది.

బీహార్‌లో ముజఫర్‌పుర్ జిల్లా భుసురా ప్రాంతపు సుజనీ మొదట పురిటిబిడ్డను పడుకోబెట్టేందుకు పాత గుడ్డలతో కుట్టిన మెత్తటి పరుపే. గత నాలుగు దశాబ్దాల్లో అక్కడి స్త్రీలు అదే కుట్టుతో వరకట్నాన్నీ, ఆడపిల్లల చదువునూ, తాగి కొట్టే భర్తలనూ బొమ్మలుగా చెప్పడం మొదలుపెట్టారు. 2025లో సుజనీ కళాకారిణి నిర్మలా దేవికి పద్మశ్రీ దక్కింది. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా మూలాలున్న సిద్ది తెగ స్త్రీలు కుట్టే కవంద్ బొంత అంచుల దగ్గర మొదలై చుట్టూ తిరుగుతూ నడిమికి చేరుతుంది. నాలుగు మూలలా మడతపెట్టిన గుడ్డ ముక్కలతో ‘ఫూలా’లు కుట్టకపోతే వాళ్ళ లెక్కన బొంత పూర్తికానట్లే.

ఈ పనులు అంగడికి రావడం వల్ల స్త్రీల చేతికి సొంత డబ్బు అందింది, దాన్ని నేను తక్కువ చేయను. అయితే కొత్త గుడ్డ మీద ఎవరో అచ్చువేసి ఇచ్చిన గీతల వెంట కుట్టమన్నప్పుడు, పలచబడిన చోటు చూసి కుట్టు మార్చుకునే ఆ తెలివికి తావుండదు. ముక్కకు ఇంతని కూలి కట్టేటప్పుడు కుట్టుల లెక్కే తప్ప తీర్పుకు ధర పడదు. కొనేవాళ్ళు కనీసం కుట్టినామె పేరైనా అడగాలని, అమ్మేవాళ్ళు ఆ పేరును చీటీ మీద రాయాలని నేను గట్టిగా కోరుకుంటాను.

తెలుగు పల్లెల్లో బొంత తగ్గిపోవడానికి మిల్లు దుప్పట్లొక్కటే కారణం కాదు. పాలియెస్టర్ చీర ఎన్నేళ్ళు కట్టినా నూలు చీరలా మెత్తబడదు, చెమట పీల్చదు, పొరలుగా పరిస్తే జారిపోతుంది. నూలు చీర కట్టడం తగ్గినకొద్దీ బొంతకు కావలసిన సరుకే కరువైంది.

ఇంట్లో పాత బొంత ఉన్నవారు దాన్ని ప్లాస్టిక్ సంచిలో బిగించకుండా, ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, కొన్ని నెలలకోసారి మడతలు మార్చి పెట్టండి, ఒకే మడత మీద ఏళ్ళ తరబడి ఉంటే పోగులు అక్కడే తెగుతాయి. ఎవరు కుట్టారో, ఎవరి చీరలతో కుట్టారో చెప్పగల పెద్దవాళ్ళు ఉండగానే అడిగి, ఆ వివరాలను ఒక నూలు పట్టీ మీద రాసి, వెనుకవైపు మూలన నాలుగు కుట్లతో పట్టించండి.